పాలు పడనోళ్ల గ్లాసులో ఏం పోద్దాం?

(వార్షిక మహాసభలో ఆరోగ్య, పోషణ ఉపసంఘం తరఫున మాట్లాడిన పాఠం. సభలో అక్కలు అడిగిన ప్రశ్నలు, వాటికి మేం ఇచ్చిన జవాబులు కూడా ఇందులోనే కలిపాం.)



అప్పులు, వసూళ్లు, స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ సంగతులు కోశాధికారి అక్క చెప్పేసింది. మాకు అప్పజెప్పింది ఒక గ్లాసు సంగతి. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాల గ్లాసు. గ్లాసే గదా, దానికి ఉపసంఘం ఎందుకని పోయిన సమావేశంలో ఒక అక్క నవ్వింది. మేమూ మొదట అట్లాగే అనుకున్నాం.

ఆరోగ్యలక్ష్మి 2015 జనవరి 1న మన రాష్ట్రమంతా మొదలైంది. అప్పటికి మనం ఖమ్మం జిల్లాలోనే ఉన్నాం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా తర్వాత 2016లో వచ్చింది. గర్భిణులు, బాలింతలు కేంద్రానికి వచ్చి ఒక పూట నిండుగా అన్నం తినాలి. అన్నం, ఆకుకూర పప్పు, రోజుకో గుడ్డు, గ్లాసు పాలు. ఇంటికి ఇచ్చి పంపిస్తే ఆ పాలు పిల్లలకో, మొగుడికో, అత్తకో పోతయి, తల్లి మాత్రం తాగదు. అందుకే అక్కడే కూర్చోబెట్టి పెట్టాలన్నారు. ఆ ఆలోచన మంచిదే. ఇవాళ్టికీ మేం దాన్ని మంచిదనే అంటాం. దాన్ని తీసెయ్యమనడానికి మేం ఇక్కడ నిలబడలేదు. ఈ మాట ముందే చెప్తున్నాం, ఎందుకో చివర్లో తెలుస్తది.

మా ఉపసంఘంలో ఐదుగురం. ముగ్గురం కోయోళ్లం, ఒకరు లంబాడా తండా నుంచి, ఒకరు మండల కేంద్రం నుంచి. మేం కొన్ని కేంద్రాలకు పోయి, బువ్వ పెట్టే టైముకు ఒక మూల కూర్చుని చూశాం. ఒక కేంద్రంలో ఆ రోజు ఎనిమిది గ్లాసులు పోశారు. అక్కడికక్కడ ఖాళీ అయినవి మూడు. రెండు గ్లాసులు కొంగు చాటున స్టీలు డబ్బాలోకి పోయినయి. ఒకామె సగం తాగి పెట్టేసింది. మిగిలిన రెండూ, మేం చూస్తున్నామని తెలిసి, ముక్కు మూసుకుని తాగారు. రిజిస్టర్లో ఎనిమిదీ తాగినట్టే ఉంటది. టీచరమ్మను తప్పు పట్టడానికి లేదు. ఆమె పొయ్యడం పొయ్యనే పోసింది.

తర్వాత ఇళ్లకు పోయి, చెట్టు కింద కూర్చుని అడిగాం. ఎందుకు తాగవమ్మా అని. జవాబులు మూడు రకాలుగా వచ్చినయి.

కొందరివి మనకు తెలిసిన సంగతులే. వానాకాలం వాగు పొంగితే సరుకు రాదు, వచ్చినప్పుడు ఒకేసారి వస్తది. పూసుగూడెం, కమలాపురం లాగా రోడ్డు మీదున్న ఊళ్లకు ఈ బాధ తక్కువ. అడవి లోపలి గుంపులకు ఎక్కువ. దీని మీద ఇదివరకే తీర్మానాలు చేశాం, మళ్లీ చేస్తాం.

రెండో రకం జవాబు పెద్దవాళ్ల నుంచి వచ్చింది. కోయ గూడేల్లో మా నాయనమ్మల కాలంలో ఆవును పిండేవాళ్లు కాదు. ఎడ్లు దున్నడానికి, ఆవులు ఎడ్లను కనడానికి. పొదుగులో పాలు దూడవి. ఆ దూడ పాలు మనం గుంజుకుని తాగుడేందని ఒక ముసలమ్మ మమ్మల్నే నిలదీసింది. ఇప్పుడు మేమంతా టీ తాగుతున్నాం, అది వేరే విషయం. అయినా చిన్నప్పటి నుంచి పాలు తాగని నోటికి గర్భం వచ్చిన నెలలో పచ్చిపాల వాసన ఎట్టా పడతది?

మూడో రకం జవాబు చెప్పడానికి ఆడోళ్లు సిగ్గుపడ్డారు. తాగిన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బుతది, గుడగుడలాడతది, బయటికి పరుగెత్తాల్సొస్తది. కూలికి పోయిన చేలో మరుగు ఎక్కడుంటది? "అందుకే తాగను, టీచరమ్మకు చెప్తే తిడతదని ఇంటికి పట్టుకపోతా" అన్నది ఒక చెల్లె.

దీని గురించి ఏఎన్ఎం అక్కను అడిగాం, పుస్తకాలూ చూశాం. పాలల్లో లాక్టోజు అని ఒక చక్కెర ఉంటది. దాన్ని అరిగించడానికి పేగులో లాక్టేజు అనే రసం కావాలి. చంటిపిల్లలందరికీ ఆ రసం ఉంటది, తల్లిపాలు అరగాలి కాబట్టి. పెద్దయ్యేకొద్దీ ప్రపంచంలో చాలామందికి అది తగ్గిపోతది. తరతరాలుగా పాలమీద బతికిన జాతుల్లో తగ్గకుండా నిలుస్తది. కాబట్టి ఇది జబ్బు కాదు, నాగరికత లేకపోవడం అంతకన్నా కాదు. కొంతమంది కడుపు తీరే అది. ఈ ముక్క ఆ చెల్లెకు చెప్పినప్పుడు ఆమె మొహంలో భారం దిగిపోయింది. ఇన్నాళ్లూ తనకే ఏదో రోగం ఉందనుకుంది పాపం.

ఇక్కడ ఒక మాట. చాలామందికి పాలు పూర్తిగా పడకపోవడం ఉండదు. ఖాళీ కడుపున గ్లాసెడు తాగితే పడదు. అన్నం తిన్నాక అరగ్లాసు తాగితే పడతది. పెరుగైతే ఇంకా నయం, తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తయి. అందుకని మేం మొదట చేసింది సోయా కాదు. ముందు రోజు పాలు తోడు పెట్టి, మర్నాడు అన్నంలో పెరుగు, మజ్జిగ పెట్టి చూడమని రెండు కేంద్రాల్లో టీచరమ్మలను బతిమాలాం. కొంగు చాటు డబ్బాలు చాలావరకు తగ్గినయి. ఖర్చు లేదు, కొత్త మిషను లేదు. ఎవరైనా ఇవాళ ఇంటికి పోయి ఒక్క పనే చేస్తామంటే ఇది చెయ్యండి.

అయినా ఇంకొందరు మిగిలారు. పెరుగు కూడా పడనోళ్లు, పాలూ పెరుగూ రెండూ ముట్టనోళ్లు, పాలు రాని రోజుల్లో ఏమీ దొరకనోళ్లు. సోయా మాట వీళ్ల కోసమే ఎత్తాం.

సోయా అనగానే కొంతమంది అక్కలు మొహం చిట్లించారు, మాకు కారణం తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో కేర్ సంస్థ ద్వారా అమెరికా నుంచి అంగన్‌వాడీలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండి వచ్చేది. చిన్నప్పుడు తిన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. సంచి విప్పగానే వచ్చే ఆ వాసన ఇంకా గుర్తుందంటున్నారు. అదే అక్కలు పెళ్లికి పోతే మీల్ మేకర్ కూర రెండోసారి వేయించుకుంటారు! మీల్ మేకర్ అనేది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు, మన దగ్గర సోయా ముక్కలన్నిటికీ అదే పేరైపోయింది. నూనె తీసేసిన సోయా పిండిని యంత్రంలో వత్తి చేసిన ముక్కలవి. అంటే సోయాను మన నోరు ఎప్పుడో ఒప్పుకుంది, మసాలా పడితే. సరిగ్గా చెయ్యకపోతేనే వాసన.

పాలకు బదులు ఇంకోటి వెతుకుడు మనతో మొదలుకాలేదు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు వేరుశనగ మాంసకృత్తులను గేదెపాలల్లో కలిపి మిల్టోన్ అనే పానీయం చేశారు. ఉన్న కొద్ది పాలను ఎక్కువమంది పిల్లలకు సరిపెట్టడానికి. బ్రెజిల్‌లో సోయాను రుబ్బి పాలు తీసే యంత్రాలను ఊళ్లలో పెట్టి బడిపిల్లలకు పోశారు, దానికి వాళ్లు యంత్రపు ఆవు అని పేరు పెట్టుకున్నారు. అమెరికా సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, మనకు పనికొచ్చేది అందులో ఉంది. అక్కడ గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు విక్ అనే ప్రభుత్వ పథకం 1970ల నుంచి నడుస్తోంది. మన ఆరోగ్యలక్ష్మి, బాలామృతం కలిపినట్టుగా. చాలా ఏళ్లు అందులో పాలు, జున్నే. పాలు పడని జనాలు అక్కడా ఉన్నారు, ఆఫ్రికా మూలాలవాళ్లు, ఆసియావాళ్లు. 2007 చివర్లో రూలు మార్చారు, 2009 నాటికి పాలకు బదులు సోయా పానీయం, సోయా పనీరు తీసుకునే వీలు వచ్చింది. కానీ ఏ సోయా పడితే అది కాదు. ఒక కప్పులో, అంటే సుమారు 240 మిల్లీలీటర్లలో, 8 గ్రాముల ప్రొటీను, 276 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉండాలి, ఏ, డి విటమిన్లు కూడా కలపాలి. పనీరైతే క్యాల్షియం ఉప్పుతో విరగ్గొట్టిందే కావాలి. పాలలో ఉన్న మేలు గ్లాసులోంచి పోకూడదని ఆ రూలు. ఈ కొలత గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక మా వంటింటి కథ.

సోయా గింజలు మన మండలంలో పండించేది లేదు. మనకు పత్తి, వరి, మొక్కజొన్న, ఇప్పుడు పామాయిల్ తోటలు. సోయా పంట ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి వైపు. అక్కడి నుంచి వచ్చిన గింజలు బజార్లో కొన్నాం. ఒక కిలో. రాత్రి నానబెట్టి, పొద్దున చన్నీళ్లతో మిక్సీలో రుబ్బి, గుడ్డలో వడకట్టి, గుండిగలో పొయ్యి మీద పెట్టాం. కాసేపటికే గుండిగ నిండా నురుగు పొంగుకొచ్చింది. పాలు పొంగినట్టే ఉంది కదా అని దించేశాం. తలా అరగ్లాసు తాగాం. పచ్చి చిక్కుడు నమిలినట్టు ఉంది. సాయంత్రానికి మాలో ఇద్దరికి వాంతులు, కడుపునొప్పి. గర్భిణులకు ఇవ్వకముందు మేం తాగి చూసింది మంచిదైంది.

తర్వాత తెలుసుకుంటే తప్పంతా మా చేతిదే. సోయా నురుగు ఉడక్కముందే పొంగుతది. ఆ పొంగు చూసి ఉడికిందనుకోవద్దు. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని గుణం ఒకటి ఉంటది, బాగా మరిగితేనే అది చస్తది. ఇక ఆ పచ్చివాసన, గింజను చన్నీళ్లల్లో రుబ్బినప్పుడు పుడతది. గింజలోని ఒక పదార్థం నూనెతో కలిసి నిమిషాల్లో ఆ వాసన తెస్తది. వేడి తగిలితే ఆ పదార్థం పని చెయ్యదు.

రెండోసారి ఇట్లా చేశాం. గింజలు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టాం. చలికాలమైతే ఇంకాస్త సేపు నానాలి. పొద్దున చేత్తో నలిపి పొట్టు తీశాం. మసిలే నీళ్లల్లో చిటికెడు వంటసోడా వేసి, గింజలను అందులో కాసేపు ఉడకనిచ్చి, ఆ నీళ్లు పారబోసి, వేడివేడి నీళ్లతోనే రుబ్బాం. వడకట్టి, సన్నమంట మీద అడుగంటకుండా కలుపుతూ, నురుగు తీస్తూ, పొంగు అణిగాక ఇరవై నిమిషాలు మరగనిచ్చాం. కాస్త బెల్లం, యాలక్కాయ. ఈసారి తాగుతుంటే మొదటిసారి పక్కకు పెట్టేసిన అక్కే "ఇదేదో బాదంపాల లాగుందే" అన్నది. బాదంపాలు ఆమె ఎన్నిసార్లు తాగిందో మాకు తెలియదు గానీ ఆ మాటకు అందరం సంతోషపడ్డాం.

కిలో గింజలకు ఏడు లీటర్ల దాకా వచ్చింది. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులు ముప్ఫై అయిదు. పది మంది తల్లులున్న కేంద్రానికి రోజుకు 300 గ్రాముల గింజలు చాలు. మిగిలిన పిప్పిని పారెయ్యలేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి గారెలు, రొట్టెలు చేశాం. అందులో ఇంకా ప్రొటీను, పీచు ఉంటయి. మన ఎండకు ఈ పానీయం నిలవదు. పొద్దున కాస్తే మధ్యాహ్నం బువ్వతోనే అయిపోవాలి. సాయంత్రానికి ఉంచి పిల్లలకు పొయ్యొద్దు.

ఇప్పుడు ఆ కొలత దగ్గరికి వద్దాం. మేం ఉత్సాహంగా చీటీ రాసుకుని ఏఎన్ఎం అక్క దగ్గరికి పోతే ఆమె మా గాలి తీసేసింది.

ప్రొటీను సంగతి బాగానే ఉంది. మేం చేసిన సోయా గ్లాసులో ఆరు గ్రాములకు అటుఇటుగా ఉంటది, ఆవుపాల గ్లాసులోనూ దాదాపు అంతే. కానీ క్యాల్షియం? పాల గ్లాసులో సుమారు 240 మిల్లీగ్రాములు. ఇంట్లో తీసిన సోయా గ్లాసులో 50 దాకా. పాలలో నాలుగో వంతు కూడా లేదు. రంగు తెల్లగానే ఉంది, గ్లాసు నిండుగానే ఉంది, బిడ్డ ఎముకకు పోవాల్సింది మాత్రం లేదు. పైగా పాలలో ఉండే బి12 విటమిన్ సోయాలో లేదు. "తెల్లగా కనిపించినంత మాత్రాన పాలు కావమ్మా, క్యాల్షియం ఎక్కడి నుంచి తెస్తరో చెప్పండి" అన్నది.

ఆ రోజు మేం నిరాశగానే తిరిగొచ్చాం. కానీ మా తండా అక్క దారిలో ఒక మాట అన్నది. రాగి జావ సంగతి ఏంది అని. జాతీయ పోషకాహార సంస్థ, మన హైదరాబాదు తార్నాకలో ఉన్నదే, 2017లో వేసిన ఆహార పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంది. నువ్వుల్లో అంతకు మూడు రెట్లకు పైనే. 50 గ్రాముల రాగిపిండి సోయా పాలల్లో కాస్తే జావ గిన్నెకు 180 కలుస్తది. సోయాది 50. మొత్తం 230. పాల గ్లాసుకు దాదాపు సమానం. పైన నువ్వుల ఉండ ఒకటి ఇస్తే దాటిపోతది. గింజల్లోని క్యాల్షియం పాలల్లోదంత తేలిగ్గా ఒంటికి పట్టదని ఏఎన్ఎం అక్క అన్నది, అదీ నిజమే. అందుకే గర్భిణికి నాలుగో నెల నుంచి ఇచ్చే క్యాల్షియం బిళ్లలు మానకుండా వేసుకోవాలి, ఇనుము బిళ్లతో కలిపి ఒకేసారి కాకుండా. బి12 కోసం గుడ్డు ఉండనే ఉంది. సోయా వచ్చిందని గుడ్డు తగ్గించడానికి ఎవరన్నా చూస్తే మనం ఒప్పుకోకూడదు.

కాబట్టి మేం అడిగేది ఉత్త సోయా పాల గ్లాసు కాదు. సోయా పాలల్లో కాచిన రాగి జావ. మన కడుపులకు జావ కొత్త కాదు, మా పాతవాళ్లు జొన్న జావ, అంబలి తాగే పెరిగారు.

సభలో వచ్చిన ప్రశ్నల్లోకి వస్తాం.

"సోయానే ఎందుకు, మన ఉలవలు, పెసలు, చిక్కుళ్లు లేవా?" అని మాదారం వైపు అక్క అడిగింది. కొత్త చిక్కుళ్లు తినే ముందు పండుగ చేసుకునే గూడేలు మనవి, ఆ ప్రశ్న రావాల్సిందే. ఉలవలు, కందులు, పెసలు వందకు ఇరవై పైచిలుకు ప్రొటీను ఇస్తయి. సోయా ముప్ఫై అయిదు దాటి ఇస్తది, గింజలో అయిదో వంతు నూనె. రుబ్బితే పాలలాగా నిలిచేది కూడా అదే. కానీ పప్పు గిన్నెలో మన పప్పుల చోటు సోయాకు ఇవ్వమని మేం అనడం లేదు. పాల గ్లాసు చోటు గురించే మాట్లాడుతున్నాం. ఉలవచారు ఉలవచారే.

"చంటిపిల్లకు పోయొచ్చా?" అని ఒక చెల్లె అడిగింది. పొయ్యొద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దు. ఆ తర్వాత కూడా ఏడాది లోపు పిల్లకు ఇంట్లో చేసిన సోయా పాలు తల్లిపాలకు బదులు కావు. బాలామృతంలో పాలపొడి ఉంటది, అది పిల్లలకు సాధారణంగా పడతది, దాన్ని అట్లాగే ఉంచాలి. మేం అడుగుతున్నది తల్లుల గ్లాసు గురించి మాత్రమే. కొందరికి సోయా కూడా పడదు, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, పెదాలు వాచినా వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లు బిళ్లకూ సోయాకూ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచాలి.

"ప్యాకెట్లు కట్టి అమ్ముకుందాం" అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆశ మంచిదే. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ రూలు ప్రకారం పశువుల పాలకు తప్ప ఇలాంటివాటి ప్యాకెట్ మీద పాలు అన్న మాట వెయ్యకూడదు. నోటితో మనం సోయా పాలు అంటాం, ప్యాకెట్ మీద సోయా పానీయం అని ఉండాలి, లైసెన్సు కూడా కావాలి. ఆ సంగతి వచ్చే ఏడు చూద్దాం. ముందు వండి పెట్టడం వస్తే చాలు.

అన్నిటికన్నా గట్టి ప్రశ్న వెనక వరసలోంచి ఒక పెద్దమ్మ అడిగింది. "పట్నపోళ్లకి పాలు, మనకి సోయానా? ఇయ్యాల పాలు పడట్లేదని మీరే రాసిస్తిరి. రేపు పాలు ఖరీదైనయని అందరికీ తీసేస్తే?"

సభంతా నిశ్శబ్దమైంది. ఆ భయం మాకూ ఉంది. మా ఐదుగురిలో ఒకరు ఈ కారణం మీదే మొదట్లో తీర్మానం వద్దన్నారు. మూడు సమావేశాలు దీని మీదే తగువు పడ్డాం. చివరికి ఒప్పుకున్నది ఇది. పాలు హక్కు. సోయా జావ ఎంపిక. ఎవరికి పాలు వద్దో ఆ తల్లి తన నోటితో చెప్పాలి. టీచరు గానీ, సూపర్‌వైజరు గానీ, మన సమాఖ్య గానీ ఆమె బదులు చెప్పకూడదు. ఏ నెలలోనైనా మనసు మార్చుకుని మళ్లీ పాలు అడగొచ్చు. ఒక్క కేంద్రంలోనైనా అడిగిన తల్లికి పాలు ఆపి సోయా ఇస్తున్నారని తెలిస్తే, ఆ రోజే మన వంట ఆపేస్తాం. ఈ మాట తీర్మానంలో రాయించాం. పెద్దమ్మ ఇంకా పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోవడం ఆమె హక్కు, మమ్మల్ని కనిపెట్టుకుని ఉండమని ఆమెనే పర్యవేక్షణ కమిటీలోకి రమ్మన్నాం.

అడగడానికి మనకు ఆధారం ఉందా అంటే ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం రెండో షెడ్యూలులో గర్భిణులకు, బాలింతలకు 600 క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీను అని ఉంది. పాలే అని లేదు. 2023 జనవరిలో ఆ షెడ్యూలును సవరించి క్యాల్షియం, ఇనుము వంటివాటినీ చేర్చారు. అందుకే రాగి లేని సోయాతో ఆ చట్టం ముందుకు పోలేం అంటున్నాం. ఇంకోటి, 2004 అక్టోబరు 7న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ పోషకాహారం సరఫరాకు కాంట్రాక్టర్లను పెట్టొద్దని, ఊరి జనాలను, స్వయం సహాయక సంఘాలను, మహిళా మండళ్లను వాడుకోవాలని చెప్పింది. ఆ మాట మనలాంటోళ్ల గురించే. ఐకేపీ రోజుల్లో గ్రామ సంఘాలే పోషకాహార కేంద్రాలు నడిపి గర్భిణులకు మూడు పూటలా వండి పెట్టిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉంది. ఆ కేంద్రాల్లో వండిన చేతులు ఇంకా ఉన్నయి.

కాబట్టి మహాసభ ముందు పెట్టి, చేతులెత్తించి ఆమోదం తీసుకున్నవి ఇవి. పాలు తోడు పెట్టి పెరుగుగా ఇచ్చే వెసులుబాటు అన్ని కేంద్రాలకు ఇవ్వమని, పాలు వద్దన్న తల్లులకు సోయా రాగి జావ ఇవ్వడానికి ముందుగా మూడు గుంపుల్లో ఆరు నెలలు అనుమతి ఇవ్వమని ఐసీడీఎస్‌కు, భద్రాచలం ఐటీడీఏకు విన్నపం పంపాలి. ఆరు నెలలూ తల్లుల బరువు, రక్తం పరీక్ష ఏఎన్ఎం అక్క రాసేదే లెక్క, మన లెక్క కాదు. ఫలితం బాగోకపోతే బాగోలేదని వచ్చే ఏడు ఇదే పుస్తకంలో రాస్తాం. గ్రైండరు, గుండిగ, గింజల ఖర్చు మొదటి ఆరు నెలలు సమాఖ్య నిధి నుంచి అప్పుగా, వడ్డీ లేకుండా.

వంట నేర్చుకోవడానికి మూడు గుంపుల నుంచి ఇద్దరిద్దరు రావాలి. పేర్లు వీవోఏల దగ్గర రాయించండి. ఉడకబెట్టడంలో తొందరపడేవాళ్లు వద్దు, మాకు ఒకసారి జరిగింది చాలు. వచ్చేవాళ్లు పలచటి పంచె గుడ్డ ఒకటి ఉతికి తెచ్చుకోండి. గింజలు ముందు రోజు రాత్రే సమాఖ్య ఆఫీసులో నానబెట్టి ఉంచుతాం, తెల్లారి ఏడింటికల్లా పొయ్యి వెలిగిస్తాం.